“ఒకటి రెండు చోట్ల ఉరుములతో వాన” అంటే మా ఊరు అందులో ఉన్నట్టా, లేనట్టా?

వడ్ల_కుప్ప
అందరికీ నమస్తే. మాది జగిత్యాల వైపు ఒక పల్లె. యాసంగి వడ్లు కోసి కొనుగోలు కేంద్రం దగ్గర పోశాం, తేమ 17 శాతానికి దిగకపోతే కాంటా పెట్టరు కాబట్టి పొద్దున పరచడం, సాయంత్రం కుప్ప చేసి పరదా కప్పడం, ఇంటిల్లిపాదికీ ఇదే పని, నడుములు పోతున్నాయి. మొన్న ఫోన్‌లో వాన 20 శాతం అని చూపించింది. సాయంత్రం నాలుగున్నరకు పడమర దిక్కు మొగులు నల్లగా లేచింది, ముందు దుమ్ము, వెనకే గాలి, పరదాలు లేచిపోయి వడ్లు కాలువలో కొట్టుకుపోయాయి. పక్కన మామిడితోటలో కాయ మొత్తం నేల మీదే. నిన్న అదే ఫోన్ 70 శాతం అంది. పొద్దంతా కుప్ప విప్పకుండా కూర్చున్నాం, చుక్క పడలేదు, మంచి ఎండ పోయింది. టీవీ పెడితే “రాష్ట్రంలో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో కూడిన వర్షం, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు” అంటారు. ఏ ఒకటి రెండు చోట్ల? ఆ చోట్ల పేరు చెప్తే ఏం పోతుంది? దీన్ని ఎట్లా చదవాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కూకట్‌పల్లి_కష్టాలు
అన్నా, మా సిటీలో కూడా ఇదే కథ. కూకట్‌పల్లిలో మోకాలి లోతు నీళ్లు, అదే టైముకి ఎల్బీనగర్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేసి “ఏంది బావా, ఎండ మండిపోతోంది” అంటాడు. ఫొటో పంపితే పాత ఫొటో అన్నాడు.

మబ్బుల_మాస్టారు
వడ్ల_కుప్ప తమ్ముడూ, ముందు ఆ 20 శాతం సంగతి చూద్దాం. అది వాన ఎంత గట్టిగా పడుతుందో చెప్పే అంకె కాదు, పడే అవకాశం ఎంతో చెప్పే అంకె. ఇలాంటి వాతావరణం ఉన్న రోజులు పది తీసుకుంటే అందులో రెండు రోజులు వాన పడుతుందని అర్థం, ఆ రెండు రోజులూ పడేది కుండపోతే కావచ్చు. మన దగ్గర వేసవిలో పడేదే ఆ రకం, పడితే దంచుతుంది, లేదంటే అసలు పడదు. జులై ముసురులో 80 శాతం అని చూపించి రోజంతా తుంపర పడవచ్చు, మే నెలలో 20 శాతం అని చూపించి అరగంటలో కల్లం ఊడ్చేయవచ్చు. అందుకే వేసవిలో ఆ శాతం ఒక్కటే చూసి కుప్ప సంగతి తేల్చుకోకూడదు.

ఇక “ఒకటి రెండు చోట్ల”. వాతావరణ శాఖ వాడే మాటల వెనక లెక్క ఉంది, ఊరికే నోటికొచ్చినట్టు వాడరు. ఒక ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాలు ఎన్ని ఉన్నాయో అందులో నాలుగో వంతు లోపు కేంద్రాల్లో వాన నమోదయ్యేలా ఉంటే “ఒకటి రెండు చోట్ల” అంటారు. 26 నుంచి 50 శాతం కేంద్రాలైతే “కొన్ని చోట్ల”, 51 నుంచి 75 అయితే “చాలా చోట్ల”, అది కూడా దాటితే “దాదాపు అన్ని చోట్ల”. అంటే నీకు చెప్పింది ఏమిటంటే ఈ ప్రాంతంలో ఎక్కువ ఊళ్లకు వాన రాదు, కానీ వచ్చే ఊళ్లు తప్పకుండా కొన్ని ఉంటాయి, నీది అందులో ఉందో లేదో పొద్దున ఎవరూ చెప్పలేరు. దాచిపెట్టడం కాదు, తెలియకపోవడమే.

“భారీ” అన్న మాటకూ అంతే. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. 15.6 నుంచి 64.4 దాకా పడినా వాళ్ల భాషలో “మోస్తరు”. 60 మిల్లీమీటర్లు గంటలో పడితే మనకు ప్రళయం, బులెటిన్‌లో మోస్తరు.

వడ్ల_కుప్ప
మాస్టారూ, మోస్తరు అంటే 60 మిల్లీమీటర్ల దాకా అని ఇప్పుడే తెలిసింది, మేం మోస్తరు అంటే చెప్పులు తడిసేంత అనుకుంటున్నాం. సరే, ఒక్క ముక్క చెప్పండి. తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో నాలుగు రోజుల ముందు చెప్తున్నారు, మా మండలం మీద సాయంత్రం వచ్చే గాలివాన పొద్దున చెప్పలేరా? ఇదేం విడ్డూరం?

మబ్బుల_మాస్టారు
విడ్డూరం ఏం లేదు. తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పున్న వ్యవస్థ, రోజుల తరబడి బతుకుతుంది, ఉపగ్రహం నుంచి కళ్లెదుటే కనిపిస్తుంది. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గరే దాటుతుందని రోజుల ముందే చెప్పారు, అక్టోబర్ 12న అక్కడే దాటింది. నీ వడ్లు కొట్టుకుపోయేలా చేసిన మేఘం అడ్డంగా కొలిస్తే పది, పదిహేను కిలోమీటర్లు ఉంటుందేమో, పుట్టడం, పెరగడం, కురిసి చావడం అంతా గంట, గంటన్నరలో అయిపోతుంది. పొద్దున తొమ్మిదికి అది లేనే లేదు. అన్నం ఉడికేటప్పుడు గిన్నెలో బుడగలు వస్తాయని చెప్పగలం, మొదటి బుడగ ఏ మూల లేస్తుందో చెప్పలేం కదా, ఇదీ అంతే.

ఫోన్ యాప్‌ల సంగతి వేరు. చాలావాటి వెనక ఉండేది అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్, యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ లాంటి ప్రపంచ మోడళ్లు, అంటే భూమి మొత్తం వాతావరణాన్ని లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రాంలు. అవి భూమిని గళ్లుగా కోసి ఒక్కో గడికి లెక్క కడతాయి. ఒకదానిలో గడి 13 కిలోమీటర్లు, ఇంకోదానిలో 9 కిలోమీటర్లు. మన దేశం 2025 మే నెలలో మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి 6 కిలోమీటర్లు. ఎంత చిన్న గడి అయినా మొత్తానికి ఒకే అంకె వస్తుంది, నీ ఊరి పేరు పైన రాసి ఆ అంకెను నీకు చూపిస్తారు. ఊరి పేరు కనిపించేసరికి మన ఊరి కోసమే ఎవరో కూర్చుని చెప్పినట్టు అనిపిస్తుంది. ఆ నమ్మకమే అసలు సమస్య అని నా అభిప్రాయం.

కరీంనగర్_అమ్మాయి
మాస్టారూ, బులెటిన్‌లో రోజూ “విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు వరకు ద్రోణి, సముద్రమట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తులో” అని రాస్తారు. నేను దీన్ని ఇన్నేళ్లుగా చదివి వదిలేస్తున్నా. ఆ 0.9 ఏంటి అసలు?

మబ్బుల_మాస్టారు
అమ్మా, మొత్తం బులెటిన్‌లో వడ్ల_కుప్పకు పనికొచ్చే వాక్యం అదే, టీవీ వాళ్లు చదివి పారేసేదీ అదే. వేసవిలో వాయవ్యం నుంచి పొడి గాలి, బంగాళాఖాతం వైపు నుంచి తేమ గాలి, ఈ రెండూ మన మీద ఎక్కడో ఒకచోట కలుస్తాయి. కలిసే చోటు ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక గీతలా ఉంటుంది, అక్కడ పీడనం కొంచెం తక్కువ, అదే ద్రోణి. 0.9 కిలోమీటర్లంటే ఆ గాలుల కలయిక నేల మీద కాకుండా దాదాపు కిలోమీటరు ఎత్తులో స్పష్టంగా ఉందని. “ఉపరితల ఆవర్తనం” అనేదీ అలాంటిదే, కాకపోతే అక్కడ గాలి గుండ్రంగా తిరుగుతుంటుంది, 3.1 కిలోమీటర్లు, 5.8 కిలోమీటర్లు అని దాని ఎత్తు చెప్తారు. ఎంత ఎత్తు దాకా తిరిగితే అంత బలం ఉన్నట్టు.

ద్రోణి మన జిల్లా మీదుగా ఉన్న రోజు మధ్యాహ్నం దాకా ఎండ బాగా కాసిందంటే నేల దగ్గర గాలి వేడెక్కి పైకి లేస్తుంది, సముద్రం తేమ దానికి తోడవుతుంది, మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది మధ్య ఎక్కడో ఒకచోట క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం లేస్తుంది. పైభాగం 12, 15 కిలోమీటర్ల ఎత్తుకు కూడా పోతుంది. పొద్దున కాసిన ఎండను చూసి “ఇవాళ వాన రాదులే” అనుకుంటాం, ఆ ఎండే సాయంత్రం వానకు ఇంధనం.

కూకట్‌పల్లి_కష్టాలు
మరి ముందు దుమ్ము గాలి ఎందుకొస్తుంది? చల్లగాలి రాగానే మా ఆవిడ బట్టలు తియ్యమంటుంది, సగం సార్లు గాలి వచ్చి పోతుంది, వాన రాదు, నేను మాత్రం మేడ ఎక్కి దిగాల్సిందే.

విశాఖ_ఉప్పుగాలి
దీనికి నేను చెప్తా. మేఘంలోంచి వాన దిగేటప్పుడు కింద ఉన్న గాలి పొడిగా ఉంటే చినుకులు దారిలోనే కొన్ని ఆవిరైపోతాయి. ఆవిరైనప్పుడు చుట్టూ గాలి చల్లబడుతుంది, చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందకు పడుతుంది, నేలకు తగిలి నాలుగు వైపులకూ పరుచుకుంటుంది. ఆ పరుచుకునే గాలి వానకంటే ముందు మిమ్మల్ని చేరుతుంది, దారిలో దుమ్మంతా లేపుకుంటూ వస్తుంది. మేఘం మీ వైపు రాకపోయినా దాని గాలి మాత్రం వస్తుంది, అందుకే సగం సార్లు ఉత్త గాలి. అయినా బట్టలు తీయండి బాబూ, మీ ఆవిడ చెప్పిందే రైటు. పరదాలు లేపేసేది కూడా వాన కాదు, ఈ గాలే. వడ్ల_కుప్ప అన్నా, పరదా మీద రాళ్లు పెట్టడం కంటే అంచుల చుట్టూ ఇసుక బస్తాలు వరసగా పెడితే నిలుస్తుంది, మా హార్బర్‌లో అలాగే చేస్తారు.

నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ప్లాంటులో లెక్కలు చూస్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఇప్పుడు కాస్త ఖాళీ. మిగతా రోజుల్లో బోటు వాళ్లు బులెటిన్ ఎలా వాడతారో చూస్తే మీకే అర్థమవుతుంది. నాలుగు రోజుల ముందు అల్పపీడనం ఉందా అని మాత్రమే చూస్తారు. ముందు రోజు గాలి వేగం, హెచ్చరిక రంగు చూస్తారు. బయల్దేరే పూట రాడార్ చూస్తారు. ఒకే సమాచారాన్ని పట్టుకుని వారం మొత్తం నడిపేవాడు మా దగ్గర ఎవడూ లేడు.

వడ్ల_కుప్ప
అక్కా, రాడార్ మాలాంటోళ్లు చూడొచ్చా?

విశాఖ_ఉప్పుగాలి
ఎవరైనా చూడొచ్చు, వాతావరణ శాఖ సైట్‌లో ఉచితంగా ఉంటుంది. హైదరాబాద్, విశాఖ, మచిలీపట్నం, శ్రీహరికోటల్లో డాప్లర్ రాడార్లు ఉన్నాయి. మీకు హైదరాబాద్ రాడార్. బొమ్మలో నీలం, ఆకుపచ్చ అయితే తేలిక వాన, పసుపు దాటి ఎరుపు వస్తే గట్టి వాన, ఆపైన ముదురు రంగు వస్తే వడగళ్లు కూడా ఉండొచ్చు. ఒక్క బొమ్మ చూస్తే లాభం లేదు, వరసగా మూడు నాలుగు చూసి ఆ ఎర్ర మచ్చ ఎటు జరుగుతోందో కనిపెట్టాలి. మీ పడమర ఉండి తూర్పుకు జరుగుతుంటే పరదా పట్టుకోండి. దాంతోపాటు నౌకాస్ట్ అని రాబోయే మూడు గంటలకు జిల్లాల వారీగా ఇస్తారు. పొద్దున బులెటిన్ కంటే మీ పనికి అదే ముఖ్యం. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి చూస్తే చాలు.

రోళ్లు_పగిలే_ఎండ
ఇవన్నీ చదువుతుంటే నవ్వొస్తోంది. మా పెద్దోళ్లు ఏ రాడార్ చూసి సేద్యం చేశారు? చీమలు గుడ్లు మోసుకుంటూ గోడ ఎక్కితే వాన, తూనీగలు నేలబారుగా తిరిగితే వాన, చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే వాన. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి, మృగశిర రాగానే చల్లబడుతుంది, ఆరుద్రలో నాట్లు. కార్తెలు ఎప్పుడూ తప్పలేదు, ఫోనే తప్పుతోంది.

మబ్బుల_మాస్టారు
పెద్దలను కొట్టిపారేయను. కానీ కార్తె చేసే పని వేరు, సూచన చేసే పని వేరు. కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న లెక్క, ఒక్కోటి 13, 14 రోజులు. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో మొదలవుతుంది, రుతుపవనాలు తెలంగాణకు మామూలుగా వచ్చేదీ ఇంచుమించు అప్పుడే, అందుకే ఆ మాట నిలిచింది. తరతరాల సగటు అది, ఏ పంట ఎప్పుడు వేయాలో దానికి బాగా పనికొస్తుంది. ఈ సంవత్సరం ఈ గురువారం ఏమవుతుందో మాత్రం అది చెప్పదు. 2025లో రుతుపవనాలు మే 24కే కేరళ తాకాయి, మామూలు తేదీ జూన్ 1. ఆ ఏడు రోహిణి కార్తె మొదలయ్యేసరికే చాలా చోట్ల వానలు, రోలు సంగతి దేవుడెరుగు.

రోళ్లు_పగిలే_ఎండ
ఒక్క ఏడాది పట్టుకుని మాట్లాడితే ఎలా? మరి వరదగుడి?

విశాఖ_ఉప్పుగాలి
వరదగుడి మాటలో మాత్రం విషయం ఉంది, నేను మీ వైపే. బాగా ఎత్తున పలచటి తెరలా మేఘం పరుచుకుంటుంది, అందులో ఉండేది నీళ్లు కాదు, మంచు స్ఫటికాలు. వెన్నెల వాటిలో వంగి చంద్రుడి చుట్టూ పెద్ద వలయం కడుతుంది. చెయ్యి పూర్తిగా చాచి వేళ్లు బాగా విప్పితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఎంత ఉంటుందో దాదాపు అంత దూరంలో ఉంటుంది, 22 డిగ్రీలు. ఆ మేఘం చాలాసార్లు పెద్ద వ్యవస్థకు ముందు అంచుగా వస్తుంది, కాబట్టి ఒకటి రెండు రోజుల్లో వాన రావచ్చు, రాకపోవచ్చు కూడా. చంద్రుడికి అంటుకున్నట్టు చిన్నగా, రంగురంగులుగా కనిపించేది వేరే రకం, అది దగ్గర్లో ఉన్న పలచటి నీటి మేఘం వల్ల. మా అమ్మమ్మ “దూరపు గుడికి దగ్గర వాన, దగ్గర గుడికి దూరం వాన” అనేది. అది పూర్తిగా తప్పని నేను అనను. కాకపోతే సాయంత్రం పుట్టే గాలివానకు ముందు రాత్రి ఏ గుడీ కట్టదు, వడ్ల_కుప్ప అన్న అడుగుతున్నది దాని గురించి.

కరీంనగర్_అమ్మాయి
వడగళ్లు కూడా వేసవిలోనే ఎందుకో ఎవరైనా చెప్పండి. మా దగ్గర మార్చి, ఏప్రిల్‌లో రాళ్ల వాన పడితే మక్క, మామిడి, మిర్చి అన్నీ పోతాయి. జులైలో అంత వాన పడుతుంది, ఒక్క రాయి పడదు.

మబ్బుల_మాస్టారు
మన దగ్గర సుమారు 5 కిలోమీటర్ల ఎత్తు దాటితే గాలి సున్నా డిగ్రీల కిందకు పోతుంది. వేసవి మేఘంలో గాలి పైకి లేచే వేగం ఎక్కువ, చినుకులను ఆ ఎత్తు దాటించి అక్కడే నిలబెడుతుంది, గడ్డకట్టిన గింజ మీద నీళ్లు పొరపొరలుగా పేరుకుంటాయి, గాలి మొయ్యలేనంత బరువయ్యాక పడిపోతుంది. జులైలో మబ్బు ఎంత ఉన్నా గాలి అంత వేగంగా పైకి లేవదు, చిన్న గింజ కట్టినా కిందున్న తడి వెచ్చటి గాలిలో కరిగి నీరై పడుతుంది. వడగల్లు దొరికితే మధ్యకు కోసి చూడు, ఉల్లిపాయలా పొరలు కనిపిస్తాయి.

నెల్లూరోడు
అందరూ తెలంగాణ గాలివాన గురించే మాట్లాడుతున్నారు, మా బాధ కూడా వినండి. జూన్‌లో టీవీ వాళ్లంతా “రుతుపవనాలు వచ్చేశాయి” అని గొడుగులు పట్టుకుని నిలబడతారు, మాకేమో అప్పుడు కూడా వడగాడ్పే. మా అత్తగారు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి “వానలు పడుతున్నాయా అల్లుడూ” అంటే ఏం చెప్పాలి? మాకు వాన అంటే అక్టోబర్, నవంబర్, డిసెంబర్. నైరుతి గాలి పశ్చిమ కనుమల దగ్గరే తడి అంతా దించేసి మా దాకా వచ్చేసరికి పొడిబారిపోతుంది. ఈశాన్య రుతుపవనం మొదలయ్యాక గాలి సముద్రం మీంచి మా వైపు తిరుగుతుంది, అప్పుడు అల్పపీడనం వస్తే చెరువులు నిండుతాయి, వాయుగుండం వస్తే ఇళ్లు మునుగుతాయి. మాకు మధ్యస్థం లేదు.

డాలస్_అల్లుడు
నెల్లూరోడు బ్రో, మా అమ్మానాన్న గూడూరులోనే ఉంటారు, ప్రతి నవంబర్‌లో నాకు ఇక్కడ నిద్ర ఉండదు. ఒక డౌటు. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం అని న్యూస్‌లో గంటకో పేరు మారుస్తారు, ఎక్కడ భయపడాలి?

నెల్లూరోడు
గాలి వేగం లెక్క బ్రో. గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 నుంచి తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను, అప్పుడే పేరు పెడతారు, 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. కానీ పేర్లు గాలికే, వానకు కాదు. పేరు పెట్టేంత లేకపోయినా ముంచేస్తుంది. 2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తీవ్ర వాయుగుండమే, దానికి పేరే లేదు, అది భూమి మీద నడిచి ఆ రాత్రి హైదరాబాద్‌ను ముంచింది, ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటింది. కాబట్టి మీ వాళ్లకు చెప్పాల్సింది, పేరు ఉందా లేదా అని కాదు, మీ జిల్లాకు ఏ రంగు ఇచ్చారు అని చూడమను.

కూకట్‌పల్లి_కష్టాలు
ఆ రాత్రి గుర్తు చేయకండి అన్నా. రంగుల సంగతే ఎవరైనా చెప్పండి, ఎల్లో అలర్ట్ అని రోజూ వస్తోంది, ఇప్పుడు ఎవరూ పట్టించుకోవడం లేదు.

విశాఖ_ఉప్పుగాలి
ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏమీ లేదు. పసుపు అంటే ఒక కన్నేసి ఉంచు, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండు, రెడ్ అంటే ఇప్పుడే ఏదో ఒకటి చెయ్యి. ఇది వాన ఎంత అన్నదొక్కటే కాదు, ఎంత నష్టం చేస్తుంది, జరిగే అవకాశం ఎంత అన్న రెండూ కలిపి వేసే రంగు. అందుకే మే నెలలో ఉరుముల పసుపు రోజూ వస్తుంది, రోజూ ఎక్కడో ఒకచోట పిడుగు పడుతూనే ఉంటుంది కాబట్టి. పసుపును పట్టించుకోవద్దని మాత్రం అనకండి, పిడుగు చావుల్లో చాలా భాగం పొలాల్లో, చెట్ల కింద జరుగుతాయి, వాటికి రెడ్ అలర్ట్ దాకా ఆగనక్కర్లేదు.

డాలస్_అల్లుడు
మా దగ్గర టెక్సాస్‌లో “వాచ్” అంటే పరిస్థితి అనుకూలంగా ఉంది, “వార్నింగ్” అంటే వచ్చేసింది అని. వార్నింగ్ ఇచ్చేటప్పుడు కౌంటీ మొత్తానికి కాకుండా మ్యాప్ మీద గీత గీసి ఆ లోపల ఉన్న ఫోన్లకే మోగిస్తారు. మొదటిసారి రాత్రి రెండింటికి ఫోన్ అరిస్తే దొంగలు పడ్డారనుకున్నాం.

కరీంనగర్_అమ్మాయి
ఇప్పుడు ఇక్కడ కూడా వస్తున్నాయి, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల సచేత్ అనే హెచ్చరికల వ్యవస్థ నుంచి, తెలుగులోనే. పిడుగులకు ప్రత్యేకంగా దామిని అని పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల యాప్ ఉంది, మన చుట్టుపక్కల పిడుగు పడితే చెప్తుంది. మా నాన్న ఫోన్‌లో వేశాను, బర్రెలను తోలుకుని పోయేటప్పుడు చూసుకుంటాడు.

రోళ్లు_పగిలే_ఎండ
ఉరిమేటప్పుడు ఫోన్ చేతిలో పట్టుకుంటే పిడుగు ఫోన్ మీదే పడుతుందని అంటారు, మీరేమో ఫోన్ చూడమంటున్నారు.

మబ్బుల_మాస్టారు
సెల్‌ఫోన్ పిడుగును లాగదు. తీగ ఉన్న పాత ల్యాండ్‌లైన్‌తో ప్రమాదం, ఆ తీగ వెంట కరెంటు ఇంట్లోకి రావచ్చు. ఫోన్ ఉన్నా లేకపోయినా ఆరుబయట ఎత్తుగా నిలబడటమే ప్రమాదం. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 లోపు వినిపిస్తే పది కిలోమీటర్ల లోపే ఉంది, పని ఆపి పక్కా ఇంట్లోకో, పైకప్పు ఉన్న కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము విన్న తర్వాత అరగంట దాకా బయటకు రాకూడదు. చెట్టు కింద మాత్రం వద్దు, తాటిచెట్టు అయితే అసలే వద్దు, చెట్టు మీద పడ్డ పిడుగు పక్కనున్న మనిషి మీదకు దూకుతుంది. పశువులు ఎక్కువ చనిపోయేదీ ఇందుకే, పిడుగు నేలలోకి దిగినప్పుడు ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య దూరంలో కరెంటు తేడా వచ్చి ఒంట్లోంచి పోతుంది. పొలంలో దిక్కులేక ఇరుక్కుంటే రెండు పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోవాలి, పడుకోకూడదు. గడ్డపార, పార భుజం మీద ఉంటే దించేయాలి.

నెల్లూరోడు
ఎండ సంగతి కూడా ఒకటి అడగాలి మాస్టారూ. నా కారులో 47 చూపిస్తుంది, వాతావరణ శాఖ 42 అంటుంది. తక్కువ చేసి చెప్తారని మా ఆఫీసులో పెద్ద వాదన.

మబ్బుల_మాస్టారు
వాళ్లు కొలిచేది గాలి ఉష్ణోగ్రత. భూమికి 4 అడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో ఉన్న థర్మామీటర్‌తో. నీ కారు కొలిచేది ఇంజన్ వేడి, తారు రోడ్డు వేడి కలిపి. ప్రపంచం మొత్తం నీడలోనే కొలుస్తారు, లేకపోతే ఒక ఊరితో ఇంకో ఊరిని పోల్చలేం. మైదానాల్లో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అంటారు, 45 తాకితే తేడాతో పనిలేకుండా వడగాడ్పే. తీరంలో 37 చాలు, కానీ అక్కడా మామూలు కంటే 4.5 ఎక్కువ ఉండాలి.

విశాఖ_ఉప్పుగాలి
మా తీరంలో 37 ఎందుకు చాలో రామగుండం వాళ్లకు చెప్పినా నమ్మరు. రామగుండంలో 44 అయినా గాలి పొడి, చెమట ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. విజయవాడలో 40కే చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది, ఒంట్లో వేడి బయటకు పోదు. విశాఖలో మధ్యాహ్నం సముద్రపు గాలి వస్తే బతికిపోతాం. పడమటి గాలి గట్టిగా వీచి ఆ సముద్రపు గాలిని తీరం దగ్గరే ఆపేసిన రోజు మాకూ 40 దాటుతుంది, అలాంటి రోజు బీచ్ రోడ్డులో కూడా గాలి మండుతుంది.

వడ్ల_కుప్ప
అందరికీ దండాలు, చాలా తెలిసింది. నిన్న మధ్యాహ్నం రాడార్ తీసి చూశా, వేములవాడ పక్కన ఎర్రమచ్చ తూర్పుకు పోతోంది, మా వైపు రాలేదు, సాయంత్రం దాకా వడ్లు ఆరబెట్టుకున్నాం. ఇంకొక ప్రశ్న. మండలంలో వాన 32 మిల్లీమీటర్లు అని పేపర్లో వేశారు, మా ఊళ్లో చెరువు అలుగు పారేంత పడింది. మా ఊరి వాన ఎవరు కొలుస్తారు? నష్టపరిహారం రాసేటప్పుడు ఆ మండలం అంకెనే చూస్తారంట.

కరీంనగర్_అమ్మాయి
యంత్రం మండలంలో ఎక్కడ ఉందో అక్కడ పడ్డదే లెక్క. ఇంకొకటి, వాళ్లు రోజును పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా లెక్కిస్తారు. మంగళవారం రాత్రి పడ్డ వాన బుధవారం తేదీ మీద కనిపిస్తుంది. పేపర్లో తేదీ చూసి “ఆ రోజు మాకు పడలేదు” అని అధికారులతో గొడవపడేవాళ్లను చూశాను.

మబ్బుల_మాస్టారు
మీ ఊళ్లో మీరే కొలుచుకోవచ్చు, ఖర్చేమీ లేదు. పక్కలు నిట్టనిలువుగా ఉండే డబ్బా ఒకటి, స్కేలు ఒకటి చాలు. చెట్టుకూ గోడకూ దూరంగా, ఖాళీ చోట నిటారుగా పాతి పెట్టండి. రోజూ పొద్దున 8:30కి ఎన్ని మిల్లీమీటర్ల లోతు నీళ్లున్నాయో నోట్‌బుక్‌లో రాసి పారబోయండి. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరు మీద ఒక లీటరు నీళ్లు. ఒక సెంటీమీటరు పడితే ఎకరం మీద దాదాపు 40 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఈ నోట్‌బుక్‌ను పరిహారానికి సాక్ష్యంగా తీసుకుంటారని చెప్పను, కానీ గ్రామసభలో దరఖాస్తుతో పాటు పెడితే మాట బలం ఉంటుంది.

కూకట్‌పల్లి_కష్టాలు
డబ్బా వెడల్పు ఎక్కువైతే నీళ్లు ఎక్కువ పడతాయి కదా మాస్టారూ, లెక్క మారదా?

మబ్బుల_మాస్టారు
మారదు. మూతి వెడల్పయితే నీళ్లు ఎక్కువ పడతాయి, అడుగు కూడా అంతే వెడల్పు కాబట్టి లోతు అదే ఉంటుంది. మూతి పెద్దది, అడుగు చిన్నది అయిన బకెట్ మాత్రం పెట్టకండి, ఎక్కువ చూపిస్తుంది. కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి తలకిందులుగా అదే సీసాలో పెడితే గరాటులా పనిచేస్తుంది, ఎండకు నీళ్లు అంతగా ఆవిరి కావు. అడుగున గుంతలు ఉంటే ముందు కొంచెం నీళ్లు పోసి సమానం చేసి, అక్కడ గీత పెట్టి, ఆ గీత పైనుంచి కొలవండి.